ఆరో తరగతికి గట్టి నేల

ఇప్పటికీ నేను ఎవరి కొత్త ఇంట్లో అడుగుపెట్టినా ముందు నీళ్ళు అడుగుతాను. దాహం కాబోలనుకుని గ్లాసుతో తెస్తారు. గ్లాసు కాదు, వెడల్పాటి పళ్ళెం కావాలి అంటాను. కాళ్ళు కడుక్కుంటానేమోనని పెరటి దారి చూపిస్తారు. చివరికి పళ్ళెం తెచ్చిస్తే దాన్ని నేల మీద పెట్టి, అంచుదాకా నీళ్ళు పోసి, పక్కనే చతికిలబడి చూస్తూ కూర్చుంటాను. ఈవిడకి కాస్త తిక్క అని చాలా ఇళ్ళలో పేరు తెచ్చుకున్నాను. తిక్కే, కాదనను. అది నాకు ఏలూరులో, బీహారు భూకంపం వచ్చిన ఏడాది పట్టుకుంది. ఆ నాలుగు నెలలూ నేను ఎంత సంబరంగా తిరిగానో తలుచుకుంటే ఈ వయసులో కూడా కాలు ఒకచోట నిలవదు.

ఆ ఏడు మొదట్లో బీహారులో భూమి కంపించిందని పేపర్లనిండా వార్తలు. పొలాల్లోంచి ఇసుకా నీళ్ళూ ఉబికి వచ్చాయని, పట్నాలకి పట్నాలే కూలిపోయాయని రాశారు. ఏలూరులో ప్రతి అరుగు మీదా అదే మాట. మా అన్నయ్య మునిసిపాలిటీలో ఓవర్సీరు. ఏ పనైనా నింపాదిగా చేసే మనిషి, మాట ఇంకా నింపాది. అందరూ చచ్చినవాళ్ళ గురించి మాట్లాడుకుంటుంటే తను పేపరు మడిచి నన్ను పిలిచి, "ఒకే ఊళ్ళో ఒక వీధి మొత్తం పడిపోయిందట, పక్క వీధి నిలబడిందట. ఎంచేతంటావు?" అని అడిగాడు.

"కట్టినవాడి చేతివాటం" అన్నాను. నాకు జవాబు చెప్పడానికి ఆలోచన అక్కర్లేదు.

"కట్టింది ఒకళ్ళేననుకో."

"అయితే దేవుడి దయ."

"కాదు. నేల" అన్నాడు.

ఆ మర్నాటినుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. ఊళ్ళో పదిమంది చేరే కట్టడాలన్నీ, బళ్ళు, సత్రాలు, ఆసుపత్రి, ఏ నేల మీద నిలబడ్డాయో చూస్తానని పైవాళ్ళని అడిగి ఒప్పించాడు. వాళ్ళు ఒక పాత చేతిబరమా ఇచ్చారు. నిలువెత్తు ఇనపకడ్డీ, చివర మెలిక. దాన్ని ఇద్దరు కూలీలు తిప్పుతూ నేలలోకి దింపితే మెలికలో లోపలి మట్టి పట్టుకుని వస్తుంది. ఆ మట్టిని కొబ్బరిచిప్పల్లో వేసి, చిప్ప మీద సుద్దతో వీధి పేరు రాసి మా అరుగు మీద వరసగా పేర్చేవాడు. నల్లరేగడి ఒక వరస, ఇసుక ఒక వరస, గరుసు ఒక వరస. ఆ చిప్పల కోసం మా వదిన వారం పొడుగునా కొబ్బరి పచ్చడే చేసింది. "మీ అన్నగారికి ఊరిమీద ఉన్న శ్రద్ధ ఇంట్లోవాళ్ళ నోటిమీద లేదు" అని నా దగ్గర విసుక్కునేది.

నేను అప్పటికి ఆడపిల్లల బడిలో పంతులమ్మని. బడి అంటే గొప్పగా ఊహించుకోకండి. రోడ్డువైపు తెరిచి ఉన్న ఒక పొడుగాటి వసారా. వాన వస్తే పిల్లలందరూ గోడకి అతుక్కుని నిలబడేవారు. ఐదో తరగతితో చదువు సరి. మాకు కొత్త బడి కట్టిస్తున్న పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. తాడేపల్లిగూడెంలో ధాన్యం మిల్లు, కాపురం ఏలూరు. ఊళ్ళో అందరూ షావుకారుగారు అనేవారు, నేనూ అలాగే అంటాను. స్టేషనుకి అవతల ఆయన స్థలంలో మేడ లేస్తోంది. కింద ఐదు తరగతులు, పైన ఆరో తరగతి. నేను రోజూ సాయంత్రం చుట్టుదారిన అటే ఇంటికి వెళ్ళేదాన్ని, ఒక వరస ఇటుక పెరిగిందా లేదా చూసుకోవడానికి.

ఆ ఆరో తరగతి ఒక పిల్ల కోసం కావాలి నాకు. మిగతావాళ్ళకి అక్కర్లేదని కాదు, కానీ నా ప్రాణం ఆ పిల్ల మీద ఉండేది. పాతపేటలో దిబ్బ మీద తివాచీలు నేసే ఒక ముస్లిం కుటుంబం. వాళ్ళ మనవరాలు ఐదో తరగతిలో నా దగ్గర చదివేది. లెక్క నేను బోర్డు మీద రాస్తుండగానే జవాబు చెప్పేసేది. "ముందు వినవే" అని కసిరితే, "విన్నానండి, అయిపోయిందండి, ఇంకోటి చెప్పండి" అనేది. అంత ఆత్రం ఉన్న పిల్లని నేను మళ్ళీ చూడలేదు. ఆ ఇంటికి పెద్ద దాని నాయనమ్మ. పిల్లని ఆపేస్తారని తెలిసి పరుగెత్తుకుంటూ వెళ్ళాను.

"రోడ్డుకి కనపడే వసారాలో ఎదిగే పిల్లని కూర్చోబెట్టలేమమ్మా" అంది ఆవిడ మెల్లిగా, నాకు తమలపాకులు అందిస్తూ. "మేడ మీద అంటున్నావు కనక, కిటికీలకి తెరలు కట్టిస్తానంటే పంపిస్తాం. లేదంటే ఈ ఏటితో సరి. మగ్గం దగ్గర కూర్చుంటుంది."

"మేడ మీదే మామ్మగారూ. పూచీ నాది" అని ఆవిడ చేతిలో చెయ్యి వేసి చెప్పి వచ్చాను. ఆ పిల్ల తలుపు చాటునుంచి నన్ను చూసి నవ్విన నవ్వు వీధి చివరిదాకా నాతోనే వచ్చింది.

ఇంతలో అన్నయ్యకి ఒక ఆలోచన పుట్టింది. ఏలూరు నేలలు చూశాం, వీటన్నిటికన్నా మెత్తనిది ఎలా ఉంటుందో చూడాలి, కొల్లేరు వెళ్దాం అన్నాడు. ఆదివారం పొద్దున్నే బండిలో గట్టుదాకా వెళ్ళి, అక్కడినుంచి తాటిదోనెలో ఒక లంకకి చేరాం. లంక అంటే సరస్సు నడుమ మట్టిదిబ్బ, దాని మీద చేపలుపట్టే వాళ్ళ ఇళ్ళు. వెదురు గుంజలు, పైన జమ్ము కప్పు. అన్నయ్య బరమా దింపుతుంటే కూలీల అవసరమే లేకపోయింది, కడ్డీ తనంతట తనే దిగిపోతోంది. నేను ఒక ఇంటి ముందు నీడలో కూర్చున్నాను. ఆ ఇల్లాలు చేతులు కడుక్కోమని వెడల్పాటి మట్టిచట్టిలో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది.

అప్పుడు గేదెలు నీళ్ళలోంచి లేచి ఇంటివైపు పరుగున వచ్చాయి. అవి ఇంకా దూరంగానే ఉన్నాయి. చట్టిలో నీళ్ళు నడిమినుంచి అంచుకి వలయాలు వలయాలుగా వణకడం మొదలుపెట్టాయి. నేను చట్టిని ముట్టుకోలేదు, గాలి లేదు. గేదెలు ఆగాయి, నీళ్ళు ఆగాయి.

నేను లేచి ఎగిరి గెంతాను. నీళ్ళు వణికాయి. ఇంకోసారి గెంతాను. మళ్ళీ వణికాయి.

"అన్నయ్యా! ఇలా రా! రావయ్యా బాబూ!" అని లంకంతా వినబడేలా అరిచాను. ఆయన పరుగెత్తడం నేను చూసింది అదే మొదలు. చట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "గెంతు" అన్నాడు. గెంతాను. "దూరం వెళ్ళి గెంతు." వెళ్ళి గెంతాను. తర్వాత పంచె ఎగ్గట్టి తనే గెంతాడు, నన్ను చూడమన్నాడు. లంకలోని పిల్లలందరూ వచ్చి మాతో గెంతారు. ఇంటాయన వల పక్కన పెట్టి, "ఏంటండయ్యగారూ, మా లంకని కిందకి తొక్కేత్తారా ఏంటండీ?" అని పడీపడీ నవ్వాడు.

"మీ ఇల్లు ఊగుతుంది కదయ్యా, భయం లేదా?" అని అడిగాను.

"ఊగుద్దండి. గాలికీ ఊగుద్ది, వరదకీ ఊగుద్ది. మీద పడ్డా ఏముందండీ, జమ్మే కదా. దులుపుకుని మళ్ళీ నిలబెట్టుకోడమేనండి" అన్నాడాయన.

తిరుగుదారిలో దోనెలో నేను ఊరుకోలేదు. ఏ నేల ఎంత వణుకుతుందో నీళ్ళు చెబుతున్నాయి కదా, ఏలూరులో కూడా ఇలాగే చూద్దామన్నాను. "ఏలూరులో ప్రతి ఇంటి ముందూ ఎవరు గెంతుతారు?" అన్నాడు అన్నయ్య. అప్పుడే ఎక్కడో ఉత్తరాన రైలు కూత సన్నగా వినబడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "మెయిలు!" అని ఒకేసారి అరిచాం. దోనె కొంచెంలో తిరగబడేది.

ఆ తర్వాత రోజులు చెప్పాలంటే నాకు ఊపిరి చాలదు. ఏలూరు మధ్యనుంచి పట్టాలు పోతాయి. మెయిలు వేళకి ఒక ఇంట్లో, గూడ్సు వేళకి ఇంకో ఇంట్లో, మా వదిన పుట్టింటి సారెలో వచ్చిన పెద్ద ఇత్తడి పళ్ళెం పట్టుకుని తిరిగాం. అన్నయ్య బయటివాడు కనక లోపలి వసారాల్లోకి, ఘోషా ఉన్న ఇళ్ళలోకి వెళ్ళలేడు. అక్కడికి నేనే. పట్టాలకి దూరంగా ఉన్న ఇంటినీ దగ్గరగా ఉన్న ఇంటినీ పోల్చకూడదని, ఒకే దూరంలో ఉన్నవాటినే పోల్చాలని ఆయన నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. ఒకే దూరంలో ఉన్నా, గరుసునేల మీద నీళ్ళు అద్దంలా ఉండేవి. రేగడి మీద కాస్త మసకబారేవి. పూడ్చిన పాతగుంట మీద కట్టిన ఇంట్లో మటుకు వలయాలు లేచేవి. అరుగు మీద కొబ్బరిచిప్పలో ఏ మట్టి ఉందో, పళ్ళెంలో నీళ్ళు అదే మాట చెప్పేవి. మొదటిసారి రెండూ కలిసిన రోజున నేను వంటింట్లోకి పరుగెత్తి వదినని పట్టుకుని గిరగిరా తిప్పేశాను.

ఊరికి ఇదొక పిచ్చి పట్టింది. మెయిలు కూత వినబడితే చాలు, ప్రతి గుమ్మంలోనూ పళ్ళేలు దిగేవి. "మా ఇంట్లో కదల్లేదండీ" అని ఒకావిడ గొప్ప చెప్పుకుంటే, "మీరు అడుగున కాసిని పోశారు, నిండా పొయ్యండి తెలుస్తుంది" అని ఎదురింటావిడ. ఒక ప్లీడరుగారి భార్య నీళ్ళు కదలకుండా పళ్ళెం అంచు రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చుంది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ఫలహారాలు అయ్యాక, "ఏవండీ, మెయిలు ఎన్నింటికండీ?" అని అడిగారట. ఆ సంబంధం కుదిరిందో లేదో నాకు తెలియదు.

పాతపేటలో ఆ పిల్ల ఇంటికీ వెళ్ళాను. కొత్త బడికన్నా వాళ్ళ ఇల్లే పట్టాలకి దగ్గర. నేల పాతకాలపు గరుసుదిబ్బ. మగ్గాలున్న పొడుగాటి లోపలి వసారాలో పళ్ళెం పెట్టాను. నాయనమ్మా, మనవరాలూ, నేనూ మూడువైపులా కూర్చుని చూశాం. మెయిలు వచ్చింది, చప్పుడుకి మాట వినబడలేదు, పోయింది. నీళ్ళు కదల్లేదు. మగ్గం మీద కట్టిన ఎరుపూ నీలం నూలు నీళ్ళలో కనబడుతోంది, అది కూడా చెదరలేదు. ఆ పిల్ల చప్పట్లు కొట్టి, "మేమే ఫస్టు కదండీ!" అంది. "మీరే ఫస్టు" అన్నాను.

కొత్త బడిలో మాత్రం బరమా పడలేదు, పళ్ళెమూ పెట్టనివ్వలేదు. షావుకారుగారు కడప నాపరాళ్ళు పరిపించారు, చుట్టూ ఎర్రమట్టి దట్టించి తొక్కించారు. ఇప్పుడు తవ్వితే పాడైపోతుంది, గృహప్రవేశం కానివ్వండి అని ఆయన మనుషులు అడ్డం చెప్పారు. ఆయన మిల్లులో ఉన్నారంటే, అడిగి ఒప్పిద్దామని అన్నయ్యా నేనూ ప్యాసింజరెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాం. మిల్లు కాలవ ఒడ్డున ఉంది. లోపల బాయిలరు ఊకతో మండుతోంది. బయట కొండంత బూడిదకుప్ప. కూలీలు దాన్ని గంపలతో ఎత్తి, బియ్యం బస్తాలు వేసిన పడవలో ఒక పక్కన పోస్తున్నారు.

"ఇదెక్కడికయ్యా?" అని ఊరికే అడిగాను.

"ఏలూరండి. పల్లాలు పూడ్చడానికండి. పోయినేడు బడి స్థలానికి కూడా ఇదేనండి, పడవలకి పడవలు" అన్నాడు పడవవాడు.

అన్నయ్య ఒక పిడికెడు బూడిద తీసుకుని, వేళ్ళతో నలిపి వదిలేశాడు.

షావుకారుగారు మమ్మల్ని చూసి ఎంతో సంతోషించారు. మంచి మనిషి, అది ముందే చెబుతున్నాను. కాఫీ తెప్పించారు. బూడిద మాట ఎత్తగానే ఇంకా సంబరపడ్డారు. "ఏలూరులో సగం పల్లాలు పూడ్చింది నా బూడిదేనండి పంతులమ్మగారూ! మట్టెక్కడ దొరుకుతుందండీ? చేలో మట్టి తీస్తే పంట పోతుంది, చెరువులో తీద్దామంటే నీళ్ళు. ఊకబూడిదకి చెదపట్టదు, చెమ్మ ఎక్కదు. గేదెలు దిగబడిపోయే గుంటండి అది. ఇవాళ దాని మీద మేడ!"

ఆ మాటలో తప్పు పట్టడానికి ఆ చుట్టుపక్కల ఎవరికీ తోచి ఉండదు. ధాన్యం దంచే దేశం, బూడిద పుష్కలం, మట్టి కరువు. అందరూ అలాగే పూడుస్తారు. అన్నయ్య నింపాదిగా, బూడిద వదులుగా ఉంటుందనీ, కుదిపితే సర్దుకుని కిందికి దిగుతుందనీ, దాని మీద అంత బరువైన మేడ ఊగితే గోడలు విడిపోతాయనీ చెప్పాడు. షావుకారుగారు ఓపిగ్గా విన్నారు. "రోజూ రైళ్ళు పోతున్నాయి కదండీ ఓవర్సీరుగారూ. ఒక్క బీటైనా వచ్చిందాండీ?" అని నవ్వేశారు. ముహూర్తానికి తప్పకుండా రమ్మని మరీమరీ చెప్పారు.

తిరుగు రైలులో నేను కిటికీవైపు తిరిగి ఏడ్చాను. "ఆ మేడ పోతే ఆ పిల్ల పోతుంది అన్నయ్యా. నేను చేతిలో చెయ్యి వేశాను" అన్నాను. ఆయన, "ఆ మేడ పిల్లల మీద పడితే?" అన్నాడు. నాకు ఆ క్షణంలో అన్నయ్య మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆయన చెప్పింది నిజమని తెలిసి వచ్చిన కోపం కనక ఏమీ చేసుకోలేకపోయాను.

గృహప్రవేశం నాటికి ఊరంతా అక్కడే ఉంది. మామిడాకుల తోరణాలు, సన్నాయి, పెరట్లో వంటలు. నాయనమ్మ కూడా తెర కట్టిన జట్కాలో మనవరాలితో వచ్చింది. మేడ మీద ఆరో తరగతి గది చూడాలని ఆవిడ కోరిక. పై గదిలో ఒక మూల చీర అడ్డం కట్టి వాళ్ళని కూర్చోబెట్టాను. ఆ పిల్ల తెర సందులోంచి గదంతా చూస్తూ, "నల్లబల్ల ఎక్కడ పెడతారండీ? నేను కిటికీ దగ్గర కూర్చుంటానండీ" అని చెబుతూనే ఉంది. అన్నయ్య బయట, బరమా గోడకి చేరేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

షావుకారుగారు మెట్లెక్కి వచ్చేసరికి దిష్టి తియ్యాలని ఇద్దరు ముత్తైదువలు పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు పళ్ళెంలో నిండుగా పోసి గుమ్మం దగ్గర నేల మీద పెట్టారు. అంతలో ఒక గూడ్సు వచ్చింది, నిండు బరువుతో, నెమ్మదిగా. పళ్ళెంలో ఎర్రనీళ్ళు నడుమ పొంగి, అంచుకి పరుగెత్తి, కొత్త నాపరాళ్ళ మీదికి ఒలికిపోయాయి. ఎవరూ పళ్ళేన్ని తాకలేదు. ఒకావిడ కెవ్వుమంది. సన్నాయి ఆగిపోయింది.

"అపశకునం" అని ఎవరో అన్నారు. పురోహితులుగారు కళ్ళు మూసుకుని తెరిచి, "కంగారేం లేదండి. చిన్న శాంతి చేయిస్తే సరిపోతుందండి" అన్నారు. షావుకారుగారు ఊపిరి పీల్చుకున్నారు. "అలాగే చేయిద్దామండి. ఇప్పుడే కానివ్వండి" అన్నారు. అందరి మొహాలూ తేటపడ్డాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. శాంతి అయిపోతే ఇంక ఈ నేల సంగతి ఎవరూ వినరు. దోషం పోయిందని నమ్మి పిల్లల్ని పైకి పంపిస్తారు, నేనే వాళ్ళకి పాఠం చెబుతాను. అంతమంది మగవాళ్ళ ముందు నేను ఎప్పుడూ గొంతు ఎత్తి ఎరగను. అలాంటిది అరిచేశాను.

"శకునం కాదండీ! బూడిదండీ!"

అందరూ నావైపు తిరిగారు. "ఇంకాసేపట్లో మెయిలు వస్తుంది. పళ్ళేలు తెప్పించండి. మేడ మీద ఒకటి, కింద ఒకటి, రోడ్డుకి అవతల పాత సత్రం అరుగు మీద ఒకటి పెట్టిద్దాం. ఈ రోజుకి దోషమే ఉంటే అన్నిచోట్లా నీళ్ళు ఒలకాలి కదండీ. ఒలుకుతాయేమో చూద్దాం!"

షావుకారుగారికి కోపం వస్తుందనుకున్నాను. ఆయన మటుకు, "పెట్టించండి. పై పళ్ళెం దగ్గర నేను కూర్చుంటాను" అని పట్టుపంచెతోనే నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. ఇంక చూడాలి ఆ సందడి! వంటవాళ్ళ దగ్గర పళ్ళేలు లాక్కున్నారు. పట్టుచీరలు ఎగ్గట్టుకుని ఆడవాళ్ళు బిందెలతో మెట్లెక్కారు. పురోహితులుగారు స్వయంగా సత్రం అరుగు మీద పళ్ళెం ముందు కూర్చున్నారు. "వచ్చేస్తోంది, వచ్చేస్తోంది" అని రోడ్డుమీద కేకలు. నీళ్ళు కదలకూడదని మనసులో ఒక మూల కోరుకుంటూనే ఉన్నాను. ఆ మూలనే తెర వెనక ఆ పిల్ల ఉంది.

మెయిలు వచ్చింది.

"ఇక్కడ కదల్లేదండీ!" అని సత్రం అరుగు మీదనుంచి పురోహితులుగారి కేక. "ఇక్కడ వణుకుతున్నాయండోయ్!" అని కిందనుంచి. మేడ మీద ఎవరూ అరవలేదు. పళ్ళెం అంచు మీదినుంచి నీళ్ళు పొర్లి షావుకారుగారి పట్టుపంచె తడిపేశాయి.

"తవ్వండి" అన్నారాయన.

అన్నయ్య గోడవారన బరమా దింపించాడు. పైన జానెడు ఎర్రమట్టి. తర్వాత బూడిద, బూడిద, బూడిద. కడ్డీ పొడుగు అయిపోయినా బూడిదే. నేను దోసెడు తెచ్చి షావుకారుగారి ముందు పళ్ళెంలో మిగిలిన నీళ్ళలో వేశాను. సగం పైన తేలింది. ఆయన వేలితో దాన్ని అటూ ఇటూ జరిపారు.

"రైళ్ళకి పడలేదు కదండీ" అన్నారు. ఆ గొంతులో ఇదివరకటి ధీమా లేదు.

"రైలు పక్కనుంచి పోతుందండీ. భూకంపం కిందనుంచి వస్తుంది" అన్నాను.

ఆయన లేచి, తడిసిన పంచెతో గది నాలుగు గోడలూ ఒకసారి తడిమి చూసుకున్నారు. కట్టించుకున్నవాడికి ఎలా ఉంటుందో నాకు ఆ చేతిలో కనబడింది. తర్వాత అన్నయ్యతో, "మేడ దింపించెయ్యండి ఓవర్సీరుగారూ. కింద ఏం చెయ్యాలో మీరు చెప్పండి, అలాగే చేద్దాం" అన్నారు. నేను ఆయనకి వంగి దండం పెట్టాను. కింద గోడల మీద అడ్డుకొయ్యలు వేసి, మిద్దె బరువు తీసేసి, పైన తేలికైన పెంకులు కప్పాలని అన్నయ్య చెబుతున్నాడు. కొల్లేరు లంకలో జమ్ము ఇంటిని గుర్తు చేసుకుంటున్నాడని నాకు తెలిసింది.

గెలిచాను. ఆ సంతోషంతోనే తెర దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్ల నన్ను చూడలేదు. కిటికీవైపు, తను కూర్చుందామనుకున్న చోటువైపు చూస్తోంది. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"మామ్మగారూ, మేడ లేదండి. నా మాట పోయింది" అన్నాను.

నాయనమ్మ తొందరపడలేదు. "మా ఇంట్లో పళ్ళెం పెట్టావు కదమ్మా. నీళ్ళు కదిలాయా?"

"లేదండి."

"మేడ ఎందుకు కావాలన్నాను? రోడ్డు కనబడకూడదని. మా మగ్గాల వసారాలోంచి రోడ్డు కనబడుతుందా?"

"లేదండి" అన్నాను. అప్పటికి నాకు అర్థమైంది. ఆవిడ చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాను.

"మగ్గాలు ఒక పక్కకి జరుపుతాం. నల్లబల్ల నువ్వు తెచ్చుకో" అంది ఆవిడ.

ఎండాకాలం సెలవుల తర్వాత ఆరో తరగతి పాతపేట దిబ్బ మీద, తివాచీ మగ్గాల పక్కన మొదలైంది. ఆ ఇంటికి పంపమని కొందరు తల్లిదండ్రులు మొదట మొరాయించారు. షావుకారుగారు తన మనవరాలిని తనే తీసుకొచ్చి దింపేసరికి ఒక్కొక్కరే వచ్చారు. నల్లబల్లని ఖాళీ మగ్గానికి చేరేశాను. వసారా నడుమ నేల మీద మా వదిన ఇత్తడి పళ్ళెం నిండా నీళ్ళు పెట్టాను, కొత్త పిల్లలకి ధైర్యంగా ఉంటుందని.

లెక్క రాస్తుండగా కూత వినబడింది. పలకలు వదిలేసి పిల్లలందరూ పళ్ళెం చుట్టూ మూగారు. నా చేతిలో సుద్ద ఆగిపోయింది. నేనూ వంగి చూస్తున్నాను. రైలు గోడ అవతలే పోతున్నట్టు పెద్ద చప్పుడు.

ఒక్క పిల్ల మాత్రం తన చాప మీదినుంచి కదల్లేదు. పళ్ళెంవైపు చూడను కూడా లేదు.

"అవి కదలవండీ పంతులమ్మగారూ" అంది చిరాగ్గా. "లెక్క చెప్పండి."